ఐదేళ్లలో నాలుగు ఉద్యోగాలు మారాను, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

కొత్తదారి:
ఐదేళ్లలో నాలుగు చోట్ల పనిచేశాను. ఒకచోట మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. ఇంకోటి ఆరు నెలల కాంట్రాక్టు, గడువుతో అయిపోయింది. మిగతా రెండూ నేనే మానేశాను: ఒకటి జీతం కోసం, ఒకటి మేనేజరుతో పడక. ఇప్పుడు ఎక్కడికెళ్లినా "ఇక్కడైనా ఉంటారా?" అని అడుగుతున్నారు. గొంతు ఎండిపోతోంది. మేనేజరుతో పడని ఆ తొమ్మిది నెలల ఉద్యోగాన్ని రెజ్యూమేలోంచి తీసేద్దామా అనిపిస్తోంది. ఇలాంటిది దాటినవాళ్లు చెప్పండి.

వానచినుకు:
తీసేయొద్దండీ. నేను ఐదు నెలల ఉద్యోగం ఒకటి దాచి, దాని ముందుదాని తేదీలు సాగదీశాను. ఆఫర్ లెటర్ కూడా వచ్చాక, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేదీలు కలవలేదు. ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. తక్కువ కాలం చేశానని ఎవరూ అనలేదు, తేదీలు మార్చానన్నదే వాళ్ల అభ్యంతరం. అప్పటి నుంచి ప్రతిచోటా రిలీవింగ్ లెటర్ (ఫలానా తేదీదాకా పనిచేసి మానేశామని కంపెనీ ఇచ్చేది), జీతం స్లిప్పులు మానేసిన వారంలోనే తీసి పెట్టుకుంటున్నాను. రెండేళ్లు పోతే అక్కడ మనల్ని ఎరిగినవాళ్లే ఉండరు.

ఎర్రమందారం:
నేను ఇంటర్వ్యూలు చేసే వైపు ఉంటాను. కొత్తవాళ్లకు పని పట్టుబడడానికి నెలలు పడుతుంది, నేర్పేవాళ్ల టైమ్ కూడా పోతుంది. అందుకే ఆ ప్రశ్న అడుగుతాం. కాంట్రాక్టు అయితే పక్కన 'కాంట్రాక్టు' అని తప్పకుండా రాయండి, లేకపోతే మధ్యలో వదిలేశారనుకుంటాం. టీమ్ తీసేశారని ఒక్క వాక్యంలో చెప్పేయండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. మేనేజరు గొడవలోకి మాత్రం వెళ్లొద్దు. ఆ తొమ్మిది నెలల్లో మీరు పూర్తి చేసిన పని ఏదైనా ఒకటి చెప్పండి. అది విన్నాక నేనైతే నెలలు లెక్కపెట్టను.

నడక:
నావి ఏడు ఉద్యోగాలు. ఒకరోజు కూర్చుని ఎందుకు మానేశానో ఒక్కొక్కటీ రాసుకున్నాను. మూడుసార్లు కారణం ఒకటే, చేరేముందు చెప్పిన పని ఒకటి, చేరాక ఇచ్చింది వేరొకటి. తప్పు వాళ్లదే కావచ్చు, కానీ నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతాను: ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, నాకు ముందున్నవాళ్లు ఎంతకాలం చేశారు, మొదటి మూడు నెలల్లో నేనేం చేయాలి. ఇవి హెచ్‌ఆర్‌ను కాదు, నేరుగా మేనేజరునే అడగాలి. నీళ్లు నమిలితే చేరను.

ప్రస్తుతం ఒకేచోట మూడో ఏడు. రెండో ఏట ఎక్కువ జీతంతో పిలుపొచ్చినా వెళ్లలేదు. మొదటి ఏడాది నేను చేసిన పనిలో లోపాలు అప్పుడే బయటపడుతున్నాయి, వాటిని నేనే సరిచేస్తున్నాను. అంతకుముందు ఆరుచోట్లా ఆ లోపాలు వేరేవాళ్ల నెత్తిన పడ్డాయన్నమాట. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కొత్తదారి:
మీ అందరికీ చాలా థాంక్స్. తేదీలు ఉన్నవి ఉన్నట్టే పెట్టేశాను. ఇంకో టెన్షన్: కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీ మూతపడింది, రిలీవింగ్ లెటర్ తీసుకోలేదు.

వానచినుకు:
అప్పటి ఆఫర్ లెటర్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఉంచండి. వెరిఫికేషన్ మొదలవకముందే కంపెనీ మూతపడిందని మీరే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి.