తాతగారి రేడియో అద్దం మీద 927, 972, ‘సై’: ఇవి ఏ స్టేషన్లు?

బరంపురం మనవరాలు:

నమస్కారమండి. బరంపురంలో బడాబజారు వెనకాల మా తాతగారి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. ఆవకాయ జాడీలు ఆరు, పట్టుచీరల పెట్టె ఒకటి, బుష్ రేడియో ఒకటి. జాడీలకి పోటీ వచ్చింది గానీ రేడియోని ఎవరూ అడగలేదు. నేను తీసుకున్నాను.

చెక్క పెట్టె, వాల్వుల సెట్టు. ముందు అద్దం కింద ఒక కాగితపు పట్టీ అంటించి ఉంది. దాని మీద తాతగారి చేతిరాతలో, పెన్సిల్‌తో ఇలా ఉంది: “క 972”, కాస్త ఎడంగా “వి 927”, ఆ పక్కన “సి 25, 41”, దాని కిందే “8 సై”. పట్టీ చివర ఒడియా అక్షరాల్లో జెయ్‌పూర్ అని ఇంకో చెయ్యి. అది నాన్న రాత. నాన్న చదివింది ఒడియా బడి, తాతగారిది తెలుగు బడి. ఇవి కాక అద్దం మీద 320 మీటర్ల దగ్గర బ్లేడుతో గీసిన గీతలు రెండున్నాయి. మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం. రెండింటి మీదా “వి” అనే ఉంది.

నా సందేహాలు ఇవీ. 927, 972లలో ఒకటి తాతగారు తికమకపడి రాసిందా? “సై” అంటే ఏమిటి? ఒకే స్టేషన్‌కి రెండు గీతలెందుకు? ఇంకోటి, మా ఇంట్లో అందరూ దీన్ని “పాత పాటల స్టేషన్ పెట్టే రేడియో” అంటారు. అమ్మ 1983లో ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. పొద్దున్నే వంటింట్లోకి పాత పాటలు వినిపించేవని చెబుతుంది గానీ ఏ ఊరి స్టేషనో తెలియదంటుంది. బరంపురానికి అలాంటి స్టేషన్ ఏదైనా ఉండేదా? అడగడానికి నాన్న లేరు.

ఇచ్ఛాపురం వాడిని:

తాతగారు తప్పు రాయలేదండి. 972 కటక్, 927 విశాఖపట్నం. కటక్ కేంద్రం 1948 జనవరి 28న మొదలైంది, విశాఖ 1963 ఆగస్టు 4న. ఈ రెండు నంబర్లతో మేమూ తికమకపడ్డవాళ్లమే. మా బాబాయి 927 అనుకుని 972 పెట్టి, ఒడియా నాటకం సగం దాకా విని, “ఇవాళ తెలుగు ఏంటో కొత్తగా ఉంది” అన్నాడు.

రెండు గీతలకి కారణం చెప్పగలను. 1978 నవంబరు 23న మీడియం వేవ్ స్టేషన్ల ఫ్రీక్వెన్సీలు మారాయి. అంతకుముందు పదేసి కిలోహెర్ట్జ్ మెట్లు, ఆ రోజు నుంచి తొమ్మిదేసి. పాత చోటు ఒక గీత, కొత్త చోటు ఇంకో గీత. “8 సై” అంటే ఎనిమిదికి సైన్ ఆఫ్, అంటే ప్రసారం ముగింపు అయ్యుంటుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. రేడియోలో బాలానందం నడిపిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు పుట్టింది మీ బరంపురంలోనే, 1905లో. బరంపురం పిల్లలకే ఈ సంగతి తెలియదు.

వాల్వుల మాస్టారు:

అమ్మా, అన్నిటికంటే ముందు, ఆ సెట్టుని దయచేసి ప్లగ్గులో పెట్టకండి. ఈ సందేశం చూసేలోపే పెట్టేసి ఉంటే వెంటనే తీసేయండి. ముప్ఫై ఏళ్లు మూలన పడి ఉన్న సెట్లో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. నేరుగా 230 ఓల్టులు ఇస్తే ముందు గుర్రుమంటుంది, తర్వాత పొగ వస్తుంది, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. కండెన్సర్ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. తెలిసినవాడైతే వంద వాట్ల బల్బుని సీరీస్‌లో పెట్టి మెల్లగా లేపుతాడు.

నేను బరంపురంలో వాల్వు సెట్లు బాగుచేసినవాణ్ణి. ట్రాన్సిస్టర్లు వచ్చాక వాటినీ, టీవీలు వచ్చాక వాటినీ చూశాను గానీ మనసు వాల్వుల దగ్గరే ఆగిపోయింది. కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

ఇచ్ఛాపురం వారు చెప్పిన 1978 సంగతి నిజం. ఆ గీతలకీ దానికీ మాత్రం సంబంధం లేదు. మీ బుష్ అద్దం మీద మీడియం వేవ్ స్కేలు సుమారు ఎనిమిది అంగుళాలు. అందులో వెయ్యి కిలోహెర్ట్జ్ పైగా ఇమడాలి. అంటే మిల్లీమీటరుకి ఐదు చొప్పున వేసుకోండి. ఆ మార్పులో స్టేషన్లు ఎక్కువగా జరిగింది రెండు మూడు కిలోహెర్ట్జే. అది ముల్లు మందం కూడా ఉండదు. మీరు చెప్పిన మూడు మిల్లీమీటర్లంటే పదిహేను కిలోహెర్ట్జ్.

గీత జరిగింది దారం వల్ల. నాబ్ తిప్పితే ముల్లు కదిలేది ఒక దారంతో. లోపల స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ చక్రానికి చుట్టి, స్ప్రింగుతో బిగించి ఉంటుంది. అది తెగితే కొత్త దారం వేసి, గ్యాంగుని పూర్తిగా మూసి, ముల్లుని సరిగ్గా స్కేలు చివర నిలబెట్టి అప్పుడు బిగించాలి. తొందరపనివాడు ఎక్కడో ఒకచోట బిగించి చేతులు దులుపుకుంటాడు. స్టేషన్లన్నీ పలుకుతాయి, కానీ ముల్లు అబద్ధం చెబుతుంది. మీ తాతగారు పోట్లాడకుండా బ్లేడు తీసి కొత్త గీత గీసుకున్నారు. నాకు ఆయన నచ్చారు. ఆ దారం నేను వేసింది కాదనే అనుకుంటున్నాను.

కావాలంటే పరీక్ష పెట్టండి. మూడు లక్షల్ని కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 927కి 323 మీటర్ల పైచిలుకు, 972కి 308 పైచిలుకు. కటక్ ఉండాల్సిన ఆ 308 దగ్గర కూడా రెండు గీతలు, అదే ఎడంతో ఉంటే తప్పు దారానిదే.

అయితే 1978 మరోచోట పనికొస్తుంది. 927, 972, జెయ్‌పూర్ 1467. ఏ నంబరు అంకెలైనా కూడండి, పద్దెనిమిదే వస్తుంది. తొమ్మిదో ఎక్కం మరి. కాబట్టి ఆ కాగితం అంటించింది 1978 నవంబరు తర్వాతే. బ్లేడు గీతలు అంతకంటే పాతవి కావచ్చు.

ఇక విశాఖ. జెయ్‌పూర్ పేరు చివర ఇరుక్కుని, విశాఖ మధ్యలో దర్జాగా ఎందుకు కూర్చుందో చెబుతాను. మ్యాపు తీసి కొలవండి. బరంపురం నుంచి విశాఖ 240 కిలోమీటర్లు, జెయ్‌పూర్ కూడా ఇంచుమించు అంతే. రెండూ వంద కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లే. అయినా పగలు విశాఖ పక్కవీధిలో ఉన్నట్టు పలికేది, జెయ్‌పూర్ నూతిలోంచి పలికినట్టుండేది. మీడియం వేవ్ పగటిపూట నేలని పట్టుకుని నడుస్తుంది. ఉప్పునీరూ తడినేలా దానికి సిమెంటు రోడ్డు లాంటివి. విశాఖ నుంచి మనకి దారంతా సముద్రతీరం. జెయ్‌పూర్ నుంచి రావాలంటే కొండలన్నీ ఎక్కి దిగాలి. పైగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ నేల ఎక్కువ తాగేస్తుంది. అందుకే ఒడిశాలో ఉన్న స్టేషన్ కంటే ఆంధ్రాలోది మనకి దగ్గరైంది. 1936లో గీసిన రాష్ట్రాల సరిహద్దు గాలికి తెలియదు కదా. చీకటి పడ్డాక లెక్క వేరు. తరంగాలు పైకెళ్లి ఆకాశంలో తగిలి దిగుతాయి, అప్పుడు విజయవాడా వస్తుంది, ఎక్కడెక్కడివో వస్తాయి, ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి, “8 సై”. సైన్ ఆఫ్ కాదు బాబూ, సైగల్! పాతకాలపు హిందీ సినిమా గాయకుడు కె.ఎల్. సైగల్.

“సి” అంటే రేడియో సిలోన్, 25 మీటర్లు, 41 మీటర్లు, షార్ట్ వేవ్. సిలోన్ హిందీ సర్వీసులో పొద్దున్న ఏడున్నర నుంచి ఎనిమిది దాకా పాత సినిమా పాటలు వేసేవారు. పేరే ‘పురానీ ఫిల్మోం కా సంగీత్’. ఆఖరి పాట ఎప్పుడూ సైగల్‌దే. అది అవగానే ఎనిమిది. మా వీధిలో గడియారం లేని ఇళ్లు కూడా సైగల్‌తో టైము చూసుకునేవి. మీ అమ్మగారు వంటింట్లో విన్న “పాత పాటల స్టేషన్” ఇదే. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: బరంపురంలో అలాంటి స్టేషన్ లేదు, కొలంబోలో ఉండేది.

మనవాళ్లు సిలోన్‌కి ఎందుకు పోయారంటే, 1952 నుంచి సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్న కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో అవి కరువైపోయాయి. జనం ముల్లు తిప్పుకున్నారు. దెబ్బకి 1957 అక్టోబరులో వివిధ్ భారతి పెట్టారు, కానీ అప్పటికే సిలోన్ అలవాటైపోయింది. అందులో తెలుగు పాటలూ వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గారు తెలుగులో మాట్లాడుతుంటే, సముద్రం అవతల నుంచి మన పేర్లు చదువుతున్నారా అని నోరెళ్లబెట్టి వినేవాళ్లం. రేడియో సిలోన్ పేరు 1967లో సిలోన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్, 1972లో శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది. అయినా చివరిదాకా ఎవరూ ఆ పేర్లతో పిలవగా నేను వినలేదు.

ఇంట్లో వెతికితే పోస్టాఫీసు లైసెన్సు బుక్కు ఉండొచ్చు. ఏడాదికి 15 రూపాయలు కట్టి స్టాంపులు అంటించుకునేవారు. తనిఖీకి వస్తున్నారంటే సెట్టు మీద దుప్పటి కప్పి, పైన చంటిపిల్లని పడుకోబెట్టిన ఇల్లు నాకు తెలుసు. ఏ ఇల్లో చెప్పను.

రాయగడ కోడలు:

మాస్టారుగారూ, మీ నూతిలోంచి పలికే జెయ్‌పూర్ మాకు నట్టింట్లో పలికేదండి. రాయగడలో పగలు విశాఖ పెట్టాలంటే మా మామగారు ఏరియల్ తీగని జామచెట్టుకి ఒకసారి, బావి గిలకకి ఒకసారి కట్టి చూసేవారు. అత్తగారు ఒడియా పాటలు వింటూ, “అర్థమయ్యేదాకా ఎందుకు, బాగుంటే చాలదా” అనేవారు. రాత్రి అయితే తెలుగు.

మనవరాలుగారూ, ఆ పట్టీని ఊడదీయకండి. ఫోటో తీసి ఉంచుకోండి. మేము మా సెట్టుని పాత ఇనుముకి ఇచ్చేశాం. తూకం వేసినవాడు చెక్క బరువు తీసేసి మరీ డబ్బులిచ్చాడు.

ఇచ్ఛాపురం వాడిని:

సైన్ ఆఫ్ సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. పొద్దున్న ఎనిమిదికి ఏ స్టేషనూ మూసుకోదని నాకే తట్టాల్సింది. దారం సంగతి మాత్రం గీతలు చూశాకే ఒప్పుకుంటాను.

మాస్టారుగారూ, ఇప్పుడు ఆ విశాఖ ఏరియల్, గీతలు ఏవీ అక్కర్లేకుండా ‘న్యూస్ ఆన్ ఏఐఆర్’ యాప్‌లో పలుకుతోంది. గురగురలేని విశాఖ వింటే ఎవరో పరాయివాళ్లు మాట్లాడినట్టుంటుంది నాకు.

బరంపురం మనవరాలు:

అందరికీ చాలా థాంక్స్. ముందు మాస్టారుగారికి: ప్లగ్గులో పెట్టలేదండి. పెట్టాలన్నా దాని ప్లగ్గు పిన్నులు ఇప్పటి సాకెట్లో దూరలేదు, బతికిపోయింది.

ఇచ్ఛాపురం వారికి: టార్చి పెట్టి చూశాను. 308 దగ్గర కాగితపు పట్టీ అంచు అడ్డం వచ్చింది. ఊడదీయకుండా పక్క నుంచి చూస్తే కింద రెండు సన్నని గీతలున్నాయి. స్కేలు పెట్టి కొలిచాను, సరిగ్గా మూడు మిల్లీమీటర్లు. దారమే.

రాత్రి సోంపేటలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాను. నేను “సై అంటే...” అనగానే, “సైగల్” అనేసింది. ఆ పాట మొదలైందంటే తాతగారు చెప్పులు వేసుకునేవారట. పాట అయ్యేలోపు జడ వేయించుకుని గుమ్మంలో ఉంటే సైకిల్ మీద బడి దగ్గర దింపేవారు, లేదంటే నడక. “నాకు ఆ సైగల్ అంటే ఇప్పటికీ ఒళ్లుమంట, ఏడుస్తూ పాడతాడు, తొందరగా ముగించడు అని నాన్న మురిసిపోయేవాడు, నాకేమో రిబ్బను దొరికేది కాదు” అంది. “క” పక్కన చిన్న చుక్క ఉంది, అది కూడా చెప్పగలవా అని అడిగాను. అది నల్లి మరక అయ్యుంటుందంది.

మాస్టారుగారూ, సెట్టు తీసుకొస్తే చూస్తారా? వచ్చే ఆదివారం దాకా ఊళ్లోనే ఉంటాను.

వాల్వుల మాస్టారు:

తీసుకురా అమ్మా. ఆటోలో పడుకోబెట్టకు, ఒళ్లో నిలబెట్టి పట్టుకో. వెనక అట్ట విప్పకు. దారం మళ్లీ సరిగ్గా వేస్తే ముల్లు పాత గీత మీదకి వస్తుంది, తాతగారి రెండో గీత వట్టిదైపోతుంది. వెయ్యనా, అలాగే వదిలేయనా? ఆలోచించుకుని రా.