రైస్ మిల్లులో మూడు వేళ్లు పోయినయి, బాండ్ పేపర్ మీద సంతకం పెట్టొచ్చునా?

దామరచర్ల వాసి:
మా తమ్మునికి 30 ఏళ్లు. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో ఆపరేటర్, జీతం 14,000. 2025 ఆగస్టులో షెల్లర్ (వడ్ల పొట్టు తీసే మిషన్) జామ్ అయితే వడ్లు తీయబోయి కుడిచేతి మూడు వేళ్లు మొదలంటా పోయినయి. దవాఖాన ఖర్చు 50,000 సేటే కట్టిండు. ఇప్పుడు "నడిచే మిషన్ల చెయ్యి పెట్టుమన్నదెవరు, తప్పు నీదే" అంటుండు. ఇంకో 30,000 ఇస్తడట, బాండ్ మీద సంతకం పెట్టుమంటుండు.

లేబర్ కేసుల వకీలు:
పెట్టనియ్యకండి. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు, కానీ ఆ కాగితం చూపించి కేసు సాగదీస్తారు.

అజాగ్రత్త అన్న మాట పరిహారానికి అడ్డం కాదు. తాగి ఉన్నాడనో, భద్రత కోసం పెట్టిన ఆదేశాన్ని కావాలని మీరాడనో, మిషన్ గార్డు (రక్షణ కవచం) కావాలని తీసేశాడనో సేటే రుజువు చేయాలి.

సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది కాబట్టి ఆగస్టు ప్రమాదానికి పాత 1923 ఉద్యోగుల పరిహార చట్టమే. లెక్క: 14,000లో 60 శాతం 8,400. 30 ఏళ్ల వయసుకు ఆ చట్టంలో ఇచ్చిన గుణకం 207.98. హెచ్చిస్తే 17,47,032. ఒక చేతి మూడు వేళ్లకు షెడ్యూల్‌లో 30 శాతం, అంటే సుమారు 5,24,110. వైద్యానికిచ్చిన 50,000 ఇందులో కోసుకోకూడదు. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేని ఆలస్యమైతే 50 శాతం దాకా పెనాల్టీ.

సదరం (వైకల్య) సర్టిఫికెట్ మీది శాతం వేరు, సంపాదన శక్తి నష్టం వేరు. రెండూ కలపకండి.

మిల్లు ఫిట్టర్:
షెల్లర్‌లో రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా, వేర్వేరు వేగాలతో తిరుగుతయి. వేలి కొస అందితే చాలు, లోపలికి గుంజుకుంటది. గ్లవ్స్ ఉంటే ఇంకా ప్రమాదం. మోటారు ఆపినా కొంతసేపు తిరుగుడే. అందుకే మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకొని, రోలర్లు పూర్తిగా నిలిచినంకనే చెయ్యి పెట్టాలె. సీజన్ల ఆ ఓపిక ఏ సేటుకుంటది?

గార్డు పెట్టించి, మిషన్ నడిచినంతసేపు ఉండేటట్టు చూసే బాధ్యత ప్రమాదం నాటికి అమల్లున్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం యాజమాన్యానిదే. బెల్టు బిగించనీకి విప్పి మూలకేసిన గార్డులే ఎక్కువ. ఇప్పుడే ఫోటోలు తీయించుండ్రి, కేసు వాసన తగిలితే కొత్త గార్డు బిగిస్తరు.

దామరచర్ల వాసి:
జీతం చేతికే ఇస్తడన్నా, స్లిప్ లేదు. ఈఎస్ఐ కార్డు కూడా లేదు.

లేబర్ కేసుల వకీలు:
ముందు ఈఎస్ఐ (కార్మికుల బీమా) సంగతి తేల్చుకోండి. 10 మంది, అంతకు మించి పనిచేసే మిల్లు దాని పరిధిలోకొస్తుంది. 21,000 లోపు జీతమైతే కార్డు చేయించకపోయినా ఈఎస్ఐలోనే అడగాలి, పరిహారం తేల్చే లేబర్ కమిషనర్ దగ్గర కాదు.

పరిధిలో లేకపోతే నల్లగొండ లేబర్ ఆఫీసులో, ప్రమాదం నుంచి రెండేళ్లలోపు, ఫారం ఎఫ్‌లో అర్జీ. డిశ్చార్జ్ సమ్మరీ, ఎంఎల్‌సీ (పోలీసుల కోసం ఆస్పత్రి రాసే గాయాల రికార్డు), ఎక్స్‌రే, ఒరిజినల్ బిల్లులు జతచేయండి. జీతానికి హాజరు పుస్తకం ఫోటో, తోటి హమాలీల సాక్ష్యం పనికొస్తాయి. అవీ లేకుంటే లెక్క కనీస వేతనం దగ్గరికి జారిపోతుంది.