ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చినా రిలీవింగ్ లెటర్ రాలేదు: ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఐటీ సేవల సంస్థకు విజయనగరంలోని ఇంటి నుంచే పనిచేస్తూ, 90 రోజుల నోటీసు గడువు పూర్తిచేసి మార్చి 31న ఉద్యోగం నుంచి వైదొలిగాను. ల్యాప్‌టాప్‌ను వారు చెప్పిన చిరునామాకే కొరియర్‌లో పంపాను. డెలివరీ రసీదు మీద వారి సెక్యూరిటీ ముద్ర, సంతకం, తేదీ స్పష్టంగా ఉన్నాయి. అయినా ఎగ్జిట్ పోర్టల్‌లో ఇంకా ‘అసెట్ పెండింగ్’ (సంస్థ వస్తువు ఇంకా అందలేదు) అనే చూపిస్తున్నందున ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటరూ, తుది సెటిల్‌మెంటు సొమ్మూ ఆపేశారు.

రసీదు జతచేసి ఫిర్యాదు టికెట్లు వేస్తే జవాబు లేకుండానే మూసేస్తున్నారు. హెచ్‌ఆర్ వారూ, పాత మేనేజరూ అసెట్ బృందాన్నే అడగమంటున్నారు. రాజీనామా చేసినవారికి రెండు పని దినాల్లో వేతన బకాయి చెల్లించాలని వేతనాల కోడ్, 2019లోని 17వ సెక్షన్ చెబుతోంది. అయితే నాకు డబ్బు కన్నా, కొత్త సంస్థ అడుగుతున్న ఆ లెటరే ముఖ్యం.

ఇలాంటి పరిస్థితిలో కార్మిక శాఖకు ఫిర్యాదు చేసినవారు, దానిని తాము పనిచేసిన ఊళ్లో ఇచ్చారా, లేక సంస్థ కార్యాలయం ఉన్న హైదరాబాద్‌లోనే ఇవ్వాల్సి వచ్చిందా?