తామరకి కేఓహెచ్ ఒక్కటి చాలా, కల్చర్ కూడా పెట్టాలా?

మైక్రో పీజీ:
మా సీనియర్ ఒకాయన తామర మచ్చ గీకిన పొట్టు మీద కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే స్లైడ్ మీద ఫంగస్ కనిపించాక, ఇంక కల్చర్ (ఆ ఫంగస్‌ని ల్యాబ్‌లో పెంచి చూడటం) దండగ అంటున్నారు. నాకైతే మనసొప్పట్లేదు, మీరేమంటారు?

స్కిన్ ఓపీ:
ఆయన చెప్పింది కరెక్టేనండి. పేషెంట్ గోక్కుంటూ ఎదురుగా కూర్చుంటే నాలుగు వారాలాగి కల్చర్ రిపోర్ట్ చూసి మందిస్తానని ఎలా చెప్తాం, 10 శాతం కేఓహెచ్ చుక్క వేసి కాసేపు ఆగితే అక్కడే తేలిపోతుంది కదా.

ల్యాబ్ బెంచ్:
తేలుతుంది సార్, గీకడం సరిగ్గా ఉంటే. మాకు వచ్చే శాంపిల్స్ చాలావరకు మచ్చ మధ్యలోంచి గీకినవే, అక్కడ చర్మం అప్పటికే మానుతూ ఉంటుంది, ఫంగస్ ఉండేదేమో ఎర్రగా లేచిన అంచులో. ఆ అంచుని స్పిరిట్‌తో తుడిచి, ఆరాక మొద్దు బ్లేడుతో గీకి, పొట్టుని నల్ల కాగితంలో మడిచి పంపండి, ఎంత వచ్చిందో మీ కంటికే కనిపిస్తుంది. ఇంకోటి, చర్మ కణాల అంచులు గొలుసులా కలిసి కనిపిస్తే హైఫే (ఫంగస్ పోగులు) అని రాసేస్తున్నారు. అసలు హైఫే కణాల అంచుల్ని దాటుకుంటూ పోతుంది, మందం దాదాపు ఒకేలా ఉంటుంది, మధ్యలో అడ్డుగోడలుంటాయి, కొమ్మలేస్తుంది. మైక్రోస్కోపులో స్లైడ్ కింద ఉండే కండెన్సర్ కాస్త దించి చూడండి, తేడా తెలిసిపోతుంది.

మైక్రో పీజీ:
సరే, మరి టెర్బినఫిన్ అనే ఫంగస్ మందు వాడినా తగ్గనివాళ్ళ సంగతేంటి? కేఓహెచ్ ఫంగస్ ఉందని చెప్తుంది గానీ ఏ ఫంగస్సో చెప్పదు కదా.

స్కిన్ ఓపీ:
దానికి పీసీఆర్ (ఫంగస్ డీఎన్ఏని పట్టే పరీక్ష) ఉందిగా, ఒకట్రెండు రోజుల్లో పేరు చెప్పేస్తుంది.

ల్యాబ్ బెంచ్:
పీసీఆర్ చచ్చిన ఫంగస్ డీఎన్ఏని కూడా పట్టేస్తుంది సార్, మందు వాడాక తగ్గిందా లేదా అన్నదానికి అదొక్కటే నమ్ముకోలేం. ఏ మందుకి, ఎంత డోసులో లొంగుతుందో చూడాలన్నా బతికున్న ఫంగస్ చేతిలో ఉండాలి, అది కల్చర్‌లోనే వస్తుంది. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే తామర ఫంగస్ అయితే కల్చర్‌లో కూడా దాని దగ్గరి జాతి మెంటాగ్రోఫైటిస్ లాగే కనిపిస్తుంది, సీక్వెన్సింగ్ (డీఎన్ఏ వరస చదవడం) చేస్తేనే తేలేది, కానీ సెన్సిటివిటీకి, అంటే ఏ మందుకి లొంగుతుందో చూడటానికి, మళ్ళీ ఆ కల్చరే కావాలి. అందరికీ పెట్టమనట్లేదు నేను. గోళ్ళకి, తలకి, మందు వాడినా తిరగబెట్టినవాళ్ళకి మాత్రం వదలకండి. గోళ్ళకైతే సైక్లోహెక్సిమైడ్ (అక్కర్లేని బూజుల్ని పెరక్కుండా ఆపే మందు) ఉన్న ట్యూబు ఒకటి, లేనిది ఒకటి పెట్టాలి, ఉన్నదొక్కటే పెడితే నియోసైటాలిడియం లాంటి ఫంగస్‌లు పెరగవు, మనమేమో నెగెటివ్ అని పంపేస్తాం.

స్కిన్ ఓపీ:
తిరగబెట్టినవాళ్ళకి పెట్టాలంటే ఒప్పుకుంటా. మరి ఆల్రెడీ క్రీమ్ పూసుకుని వస్తే?

ల్యాబ్ బెంచ్:
యాంటీఫంగల్ అయితే వీలుంటే రెండు వారాలైనా ఆపించి అప్పుడు గీకండి. ఆపడం కుదరకపోతే ఏం పూశారో ఫారంలో రాసి పంపండి సార్, ఏదీ పెరక్కపోతే దానికి కారణం మందేనేమో అని మేమైనా రిపోర్ట్‌లో రాస్తాం.