పాన్స్-బ్రూక్స్ తోకచుక్క: చోటు సరిగ్గా చెప్తున్నారు, వెలుగు మాత్రం ఎవరి లెక్క వాళ్లదే. ఎందుకు?

కర్నూలు_చుక్కలు | 2024 మార్చి 29

అందరికీ నమస్కారం. కొద్దిరోజులుగా పొద్దుగూకగానే ఊరి బయటికి వెళ్లి 12పీ పాన్స్-బ్రూక్స్‌ని 10×50 బైనాక్యులర్‌తో చూస్తున్నాను. పడమట గురుగ్రహానికి కింద, కాస్త కుడివైపు, మేషరాశిలో హమల్ నక్షత్రం దగ్గర మసకగా ఒక ముద్ద, పైకి సన్నగా తోక ఉందా లేదా అన్నట్టు. యాప్ ఎక్కడ చూపించిందో సరిగ్గా అక్కడే ఉంది, అందులో తేడా లేదు.

గొడవంతా వెలుగు దగ్గరే. ఒక యాప్ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 4.3 అంటుంది, ఒక సైట్ 5.6 అంటుంది, ఇంకో పట్టికలో 12 దాటి ఉంది! టీవీలోనేమో దెయ్యం తోకచుక్క, మామూలు కంటికే కనిపిస్తుంది అని ఒకటే హడావిడి. డెబ్బై ఏళ్లకోసారి వచ్చేదాని చోటు ఇంత కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు వెలుగు ఎందుకు చెప్పలేకపోతున్నారు? కెమెరా లేకుండా, ఉత్త బైనాక్యులర్‌తో నేనే కొలవొచ్చా? కొలిస్తే అది ఎవరికైనా పనికొస్తుందా?

ధ్రువం_వైపు

ముందు ఆ 12 సంగతి. తోకచుక్కకి రెండు రకాల మాగ్నిట్యూడ్‌లు ఇస్తారు. ఒకటి మొత్తం వెలుగు, అంటే తల చుట్టూ ఉన్న మసకంతా కలిపి. రెండోది నడిమధ్యలో చుక్కలా కనిపించే భాగానిది మాత్రమే. నాసా లెక్కల సైటు జేపీఎల్ హొరైజన్స్‌లో టీ-మాగ్, ఎన్-మాగ్ అని వేరువేరు వరుసలుంటాయి, మీరు చూసింది రెండోదై ఉంటుంది. చూసేవాళ్లకి కావాల్సింది మొదటిదే.

ఇక చోటు. కక్ష్య అంటే సూర్యుడు, గ్రహాలు లాగే లాగుడు లెక్క, అందులో దాపరికం లేదు. పాన్స్ 1812లో మార్సేలో చూశాడు, 1883లో బ్రూక్స్ మళ్లీ చూశాడు, 1954లో మూడోసారి వచ్చింది. ఈమధ్య పాత రికార్డులు తిరగేసి 1385లో చైనాలో, 1457లో ఇటలీలో కనిపించింది కూడా ఇదేనని తేల్చారు. ఇన్ని రాకలు చేతిలో ఉన్నాయి కాబట్టే 2020 జూన్‌లో, ఇది శనిగ్రహం కంటే దూరంలో, 23వ మాగ్నిట్యూడ్‌లో ఉన్నప్పుడే లోవెల్ అబ్జర్వేటరీ పెద్ద టెలిస్కోపుతో పట్టుకోగలిగారు. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది ఏప్రిల్ 21న.

అయితే కక్ష్యలోనూ ఒక చిక్కుంది. మంచు ఆవిరై ఒకవైపు నుంచి చిమ్మితే తోకచుక్క రెండోవైపుకి కొద్దిగా నెట్టుకుపోతుంది. 3.3 ఏళ్లకోసారి తిరిగే ఎంకే తోకచుక్క ప్రతి చుట్టుకీ రెండున్నర గంటల దాకా ముందే వచ్చేస్తోందని ఎంకే 19వ శతాబ్దంలోనే గమనించాడు, అంతరిక్షంలో ఏదో అడ్డుపడుతోంది అనుకున్నాడు. అసలు కారణం ఈ చిమ్మడమేనని 1950లో ఫ్రెడ్ విపుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. ఇప్పుడు దాన్ని కూడా లెక్కలో కలిపేస్తారు.

వెలుగుకి అలాంటి గట్టి ఆధారం లేదు. వాడే సూత్రం ఇంతే: భూమి నుంచి దూరం ఒక భాగం, సూర్యుడి నుంచి దూరం ఒక భాగం, రెండోదానికి ఎన్ అనే అంకె, సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ వెలుగు ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పేది. ఆ ఎన్ ఎంతో ముందుగా ఎవరికీ తెలియదు, మామూలుగా 4 అనుకుంటారు. సూర్యుడి నుంచి దూరం సగానికి తగ్గిందనుకోండి, ఎన్ 4 అయితే వెలుగు 3 మాగ్నిట్యూడ్‌లు పెరుగుతుంది, 6 అయితే 4.5. తేడా ఒకటిన్నర, అంటే వెలుగులో నాలుగు రెట్లు. ఒక యాప్ ఒక అంకె పెట్టుకుంది, ఇంకో సైట్ ఇంకోటి పెట్టుకుంది, అంతే. దూరాలు మాత్రం ఇద్దరివీ ఒకటే.

పైగా ఇది పేలే రకం. పోయిన జూలైలో ఒక్కసారిగా దాదాపు 5 మాగ్నిట్యూడ్‌లు పెరిగింది, అంటే వంద రెట్లు. ఆ ధూళి రెండు కొమ్ముల్లా విడిపోయి కనిపించడం వల్లే దెయ్యం అన్న పేరు. 2007 అక్టోబరులో హోమ్స్ తోకచుక్క రెండు రోజుల్లోపే 17 నుంచి 3 దాటి పైకొచ్చేసింది, దాని కక్ష్య లెక్క మాత్రం చెక్కు చెదరలేదు. ఏ సూత్రమూ దాన్ని ముందే చెప్పలేకపోయింది. అందుకే యాప్ నంబర్లని పట్టించుకోకండి.

పాత_బైనాక్యులర్

పైన చెప్పిందంతా సరే గానీ పట్టించుకోవద్దు అనేది కొంచెం ఎక్కువ. పోయిన వారం కొలతల్ని బట్టి సరిచేసిన పట్టిక అయితే నమ్మొచ్చు. ఎప్పుడో దించుకుని మళ్లీ అప్‌డేట్ చేయని యాప్‌ని నమ్మకూడదు. స్టెల్లేరియంలో కూడా తోకచుక్కల వివరాలు మనమే అప్‌డేట్ కొట్టాలి.

ఇక కొలవడం. తప్పకుండా కొలవొచ్చు తమ్ముడూ, వందేళ్ల పైనుంచీ ఇలాగే కొలుస్తున్నారు. నక్షత్రం చుక్క, తోకచుక్క పరుచుకున్న మసక, రెండింటినీ నేరుగా పోల్చలేం. కాబట్టి ముందు తోకచుక్కని ఫోకస్‌లో పెట్టి దాని వెలుగు, వెడల్పు బాగా మనసులో పెట్టుకో. తర్వాత పక్కనున్న నక్షత్రం మీదికి వెళ్లి ఫోకస్ చక్రం తిప్పు, ఆ నక్షత్రం ఉబ్బి తోకచుక్క తలంత అయ్యేదాకా. ఇప్పుడు ఏది ఎక్కువ, ఏది తక్కువ చూడు. మళ్లీ తోకచుక్క దగ్గరికి రా. ఇలా నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగితే గానీ కన్ను కుదురుకోదు, తొందర పడొద్దు.

పోల్చడానికి నీకు చక్కటి నక్షత్రాలున్నాయి. అశ్వినిలో చిన్నది, గామా, రెండు నక్షత్రాలు కలిసి 3.9. అదే మేషరాశిలో కప్పా అనే నక్షత్రం 5.0. మధ్యలో లామ్డా 4.8. గామాని 0 అనుకుని కప్పాని 10 అనుకో, తోకచుక్క ఆరో మెట్టు దగ్గర అనిపిస్తే 4.6 అని రాయి. 30, 31 తేదీల్లో అది హమల్‌కి మరీ ఆనుకుని ఉంటుంది, హమల్ మాగ్నిట్యూడ్ 2 కాబట్టి దాని వెలుగు కంట్లో కొడుతుంది. హమల్‌ని చూపు బయటికి నెట్టేసి చూడు.

ముఖ్యమైనది ఎత్తు. మీ దగ్గర ఏడుంపావుకి అది 15 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత కిందికి వచ్చాక గాలి, దుమ్ము చాలా వెలుగు తినేస్తాయి. తోకచుక్కకి సమానమైన ఎత్తులో ఉన్న నక్షత్రాలతో పోలిస్తే ఆ నష్టం ఇద్దరికీ ఒకటే కాబట్టి లెక్క చెడిపోదు. నడినెత్తిన ఉన్నదానితో పోల్చావంటే పోయినట్టే.

తారీఖు, టైము, బైనాక్యులర్ సైజు, తల వెడల్పు, ఏ పద్ధతి, ఏ నక్షత్రాలు, ఇవన్నీ రాసిపెట్టుకో. స్లొవేనియాలో నడిపే కాబ్స్ అనే తోకచుక్కల కొలతల డేటాబేస్‌లో ఎవరైనా పేరు నమోదు చేసుకుని పంపొచ్చు. ధ్రువం గారు చెప్పిన ఎన్ అంకె తేలేది ఇలాంటి కొలతల నుంచే. టెలిస్కోపు లేదని వెనకాడకు, పెద్ద టెలిస్కోపులో తోకచుక్క ఉన్నదానికంటే తక్కువ వెలుగుతో కనిపిస్తుంది, ఈ పనికి చిన్న బైనాక్యులరే మేలు.

డాలస్_తెలుగు

మాకు ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం. అప్పుడు ఈ తోకచుక్క సూర్యుడికి 25 డిగ్రీల దూరంలో, గురుడి పక్కనే ఉంటుంది. బైనాక్యులర్ పట్టుకుని వెతుకుదామా అని ఆలోచిస్తున్నాను, ఏమంటారు?

పాత_బైనాక్యులర్

వద్దమ్మా. మీకు దొరికేది నాలుగు నిమిషాలు కూడా కాదు, గ్రహణం పట్టినా ఆకాశం అంత నల్లబడదు. హఠాత్తుగా పేలితే తప్ప కనిపించడం కష్టం. ఆ కాసేపూ కరోనాని, అంటే సూర్యుడి చుట్టూ కనిపించే తెల్లటి వెలుగుని, చూడండి. తోకచుక్క ముందూ వెనకా సాయంత్రాల్లో ఎలాగూ ఉంటుంది.

కర్నూలు_చుక్కలు

చాలా థాంక్స్ అన్నా, ధ్రువం గారికి కూడా. ఈ సాయంత్రం గామా, కప్పాలతో మొదలుపెడతా. ఒక్క డౌటు, మబ్బు పట్టిన రోజు సందేహంగా కనిపిస్తే కూడా రాయాలా?

ధ్రువం_వైపు

మబ్బుందని రాసి ఊరుకోండి, అంకె ఇవ్వకండి. ఆకాశం తేటగా ఉండి కూడా తోకచుక్క కనిపించకపోతే మాత్రం తప్పకుండా రాయండి, అప్పుడు కనిపించిన అతి మసక నక్షత్రం మాగ్నిట్యూడ్‌తో సహా. ఏప్రిల్ 10న నెలవంక, గురుడు, తోకచుక్క ఒకే చోట చేరతాయి. ఆ తర్వాత మన దగ్గర అది రోజురోజుకీ కిందికి దిగిపోతుంది, కాబట్టి మంచి కొలతలన్నీ ఈలోపే చేసుకోండి.