ఎలక్ట్రిక్ కారు: ముందు అప్పు సంగతి చూడాలా, సెల్లార్‌లో ప్లగ్గు సంగతి చూడాలా?

ప్రశ్న (కూకట్‌పల్లి)

నమస్కారం. మేము ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాము. ఆఫీసుకు రోజూ రానూపోనూ 40 కిలోమీటర్లు, నెలకొకసారి అమ్మానాన్నలను చూడడానికి విజయవాడ ప్రయాణం, అంతా కలిపి నెలకు సుమారు 1,400 కిలోమీటర్లు తిరుగుతాను. ఇప్పుడున్న కారుకు పెట్రోలే నెలకు పదివేల దాకా అవుతోంది. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు ఒకటి నచ్చింది. తెలంగాణలో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకే కాబట్టి ఆలస్యం చేయాలని లేదు. చేతిలో ఉన్న సొమ్ము పోగా 10 లక్షలు అప్పు తీసుకోవాలి. 9 శాతం వడ్డీకి ఏడేళ్లయితే నెలకు 16,089, ఐదేళ్లయితే 20,758 అని షోరూంలో లెక్క వేసి చూపించారు. ఇన్సూరెన్స్ కూడా తమ దగ్గరే తీసుకోవాలని, నెలాఖరులోగా బుక్ చేయాలని ఒత్తిడి చేస్తున్నారు. ఇదిలా ఉండగా, సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టుకోవడానికి మా అసోసియేషన్ కార్యదర్శి ఒప్పుకోవడం లేదు. దేనితో మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం (మియాపూర్)

నేను మూడేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను. ప్లగ్గు సంగతి తేలేదాకా దయచేసి బుకింగ్ సొమ్ము కట్టకండి.

కారుతో వచ్చే 3.3 కిలోవాట్ల ఛార్జరుతో ఖాళీ బ్యాటరీ నిండడానికి 14, 15 గంటలు పడుతుందని విని చాలామంది భయపడతారు గానీ, రోజుకు 40 కిలోమీటర్లకు ఖర్చయ్యేది ఆరేడు యూనిట్లే కాబట్టి రాత్రి రెండు రెండున్నర గంటలు పెడితే సరిపోతుంది, 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకు బిగించే, వేగంగా నింపే ఛార్జరు) మీకు అవసరం లేదు. అవసరమైనది మీ ఫ్లాటు మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా విడిగా లాగిన 6 స్క్వేర్ ఎంఎం రాగి కేబులు, సరైన ఎర్తింగు, ఎంసీబీ (లోడు మితిమీరితే సరఫరా ఆపే స్విచ్చు), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు). మొదటి నెలలో నేను తొందరపడి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఛార్జింగ్ పెట్టాను. నాలుగో రోజు తెల్లవారుజామున ప్లగ్గు తీయబోతే చెయ్యి చురుక్కుమంది, పిన్నుల చుట్టూ తెల్లని ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంది. ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను.

కార్యదర్శి గారి అభ్యంతరం చాలావరకు కామన్ మీటరు బిల్లు గురించే అయి ఉంటుంది. ఉన్న ఇంటి కనెక్షన్ నుంచే వాహనం ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాలలోనే చెప్పింది. ఆ ప్రతిని, కేబులు వెళ్లే దారి గీసిన కాగితాన్ని జతచేసి లిఖితపూర్వకంగా అడగండి. మీ కనెక్షన్ మంజూరు లోడు (ఒకేసారి వాడుకోవడానికి అనుమతించిన కిలోవాట్లు) సరిపోకపోతే పెంచమని డిస్కంకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థకు, దరఖాస్తు పెట్టాలి.

బిల్లు విషయం కూడా చూసుకోండి. ఇంటి వాడకం 250 యూనిట్లు అనుకుని, దాని మీద కారుకు 160 కలిపితే 300 దాటినవాటికి 9 రూపాయల స్లాబు, 400 దాటినవాటికి 9.50 స్లాబు తగులుతాయి. అయినా అదనంగా పడేది నెలకు దాదాపు 1,400 రూపాయలే. విజయవాడ దారిలో మాత్రం సూర్యాపేట దగ్గర ముప్పావు గంట ఆగవలసి వస్తుంది. అక్కడి ఫాస్ట్ ఛార్జింగు మీద 18 శాతం జీఎస్‌టీ కూడా ఉంటుంది కాబట్టి ఇంటి ధరతో పోల్చుకోకండి. సంక్రాంతి రోజుల్లో వరుసలో నిలబడక తప్పదు. పండక్కి ఒక రోజు ముందే బయలుదేరడం నేను అలవాటు చేసుకున్నాను.

సమాధానం (ఖమ్మం, బ్యాంకు ఉద్యోగి)

మీరు చెప్పిన అంకెలనే తీసుకుంటే, వడ్డీ ఐదేళ్లకు సుమారు 2,45,500, ఏడేళ్లకు 3,51,500 అవుతుంది, అంటే నెలకు నాలుగున్నర వేలు తేలికపడడానికి మొత్తం మీద లక్షా ఆరువేలు ఎక్కువ కడుతున్నారన్నమాట. అంతకన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. చాలా కార్ల బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. పాత ఎలక్ట్రిక్ కార్ల బేరం ఇంకా కుదురుకోలేదు కాబట్టి, ఏడేళ్ల అప్పులో నాలుగో ఏట కారు అమ్మవలసి వస్తే వచ్చిన సొమ్ము మిగిలిన అప్పుకు చాలకపోవచ్చు. పెట్రోలు మీద మిగిలేది ఎలాగూ ఉంది కనుక ఐదేళ్లకే వెళ్లండి. వడ్డీ ఫిక్స్‌డా ఫ్లోటింగా, ముందే తీర్చేస్తే ఎంత రుసుము అనేవి మంజూరు పత్రంలో చదివాకే సంతకం చేయండి.

అప్పు వడ్డీ మీద ఏటా లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని షోరూంలో చెబితే నమ్మవద్దు. ఆ 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే వర్తిస్తుంది. పది లక్షలు దాటిన కారు మీద వసూలు చేసే 1 శాతం టీసీఎస్‌ను (అమ్మేవారు మీ దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) మాత్రం రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, రసీదు జాగ్రత్త.

సమాధానం (వరంగల్)

ఇన్సూరెన్స్ ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవారి ఇష్టం. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్లే తగ్గించడం నేను చూశాను. అసలు జాగ్రత్త డెలివరీ దగ్గర కావాలి. నాకు ఒక షోరూం వారు ఇచ్చిన కారు తయారై ఎనిమిది నెలలైంది, యార్డులో నిలబడిపోయిన బండి. పెద్ద బ్యాటరీ 90 శాతం ఉన్నా, చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోవడంతో పదకొండో రోజున మా ఇంటి గేటు ముందు తలుపులు కూడా తెరుచుకోలేదు. ఆ షోరూంలో ఈవీ (ఎలక్ట్రిక్ వాహనం) పని తెలిసిన మెకానిక్ ఒక్కరే, ఆయన సెలవులో ఉన్నారు. నాలుగు రోజులు ఆటోల్లో తిరిగాము. డబ్బు మొత్తం కట్టకముందే ఫారం 22లో (తయారీ కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం) తయారీ నెల చూడండి, సర్వీస్ సెంటరుకు స్వయంగా వెళ్లి ఈవీ పని తెలిసినవారు ఎంతమంది ఉన్నారో అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఎలక్ట్రీషియన్‌తో కలిసి కొలిచాము: మా మీటరు నుంచి పార్కింగ్ దాకా 38 మీటర్లు వచ్చింది. టేపు రెండో కొసను పట్టుకున్నది కార్యదర్శి గారే. ఖర్చంతా నాదేనని, కామన్ మీటరును ముట్టుకోనని రాసి ఇస్తే ఆదివారం సమావేశంలో పెడతామన్నారు. అది తేలేదాకా బుక్ చేయనని షోరూంకు ఫోన్ చేసి చెప్పేశాను.