సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఎందుకు మూతపడింది? అప్పట్లో టెక్సస్‌లో చదివినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. 1914లో పుట్టి 1996లో మూతపడిన ఈ కాలేజీ లీగ్ గురించి చదువుతున్నాను. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాలే.

చాలామంది తప్పంతా ఈ లీగ్‌లోని ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) మీద వేస్తారు. ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చినందుకు ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే జాతీయ సంస్థ) 1987లో ఆ జట్టు సీజన్ మొత్తం రద్దు చేసింది, 1988లో వాళ్లే ఆడలేదు. ఆ దశాబ్దంలో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ), హ్యూస్టన్, టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లకూ శిక్షలు పడ్డాయి. పరువు పోయిన మాట నిజమే.

కానీ నాకు అసలు కారణం టీవీ డబ్బేమో అనిపిస్తోంది. 1984లో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రసార హక్కుల మీద ఎన్‌సీఏఏ పెత్తనం పోయింది. ఎవరి బేరం వాళ్లదైంది. 1990లో పక్క రాష్ట్రపు ఆర్కన్సా యూనివర్సిటీ లీగ్ నుంచి వెళ్లిపోతున్నానని ప్రకటించాక మిగిలిన ఎనిమిదీ టెక్సస్ కాలేజీలే. ఒక్క రాష్ట్రం ప్రేక్షకులతో టీవీవాళ్ల దగ్గర ఏం బేరమాడతారు?

చివరికి టెక్సస్, ఏ అండ్ ఎమ్, టెక్సస్ టెక్, బేలర్ బిగ్ 12 అనే వేరే లీగ్‌లో చేరాయి. రైస్, టీసీయూ, ఎస్ఎంయూ, హ్యూస్టన్ బయట మిగిలాయి. బేలర్‌కు చోటు దొరకడంలో రాష్ట్ర రాజకీయ నాయకుల ఒత్తిడి ఉందంటారు. అది ఎంతవరకు నిజం?

80, 90ల్లో అక్కడ చదివిన మన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే, ముఖ్యంగా హ్యూస్టన్, రైస్ వాళ్లు, క్యాంపస్‌లో అప్పుడు ఏమనుకునేవారో కాస్త చెప్పండి. ఆనాటి టికెట్లు, ప్రోగ్రామ్ పుస్తకాలు ఉంటే ఫొటో పెట్టినా చాలు.